పొట్టతో పడిన గోలు

సౌదీలోని జుబైల్‌లో ఒక కాలేజీలో ఏసీలు బాగుచేయడం నా పని. ఎనిమిదేళ్లుగా అదే కాలేజీ, అవే ఏసీలు. ఎండాకాలంలో గది చల్లబడటం లేదని పిలుస్తారు. చలికాలంలో మరీ చల్లగా ఉందని పిలుస్తారు. మధ్యలో ఓ పదిహేను రోజులు మాత్రం నా ఊసు ఎవరికీ పట్టదు. సరిగ్గా ఆ పదిహేను రోజుల్లోనే ఫుట్‌బాల్ వచ్చి మా మెడకు చుట్టుకుంది.

చుట్టినవాడు మా ముదీర్, అంటే మెయింటెనెన్స్ మేనేజరు. సౌదీ ఆయన, నవ్వుమొహం మనిషి. పొద్దున మేం హాజరు వేయించుకునే చోటికి వచ్చి, కాలేజీలో ఆటల వారం జరుగుతోందని, చివరి రోజున విద్యార్థుల జట్టుతో మన జట్టు ఆడాలని, ఏడుగురిని సిద్ధం చేయమని చెప్పాడు. అరబ్బీలో ఫుట్‌బాల్‌ను కూరా అంటారు. ఆయన మాటల్లో "కూరా, కూరా" అని నాలుగుసార్లు వినబడేసరికి మా కొత్త ప్లంబర్ నా చెవి దగ్గరికి వచ్చి అడిగాడు.

"అన్నా, ఏం కూరనే? మటనా?"

"తినేది కాదుర, తన్నేది" అన్నాను.

మాలో ఎవరికీ ఆట రాదని ముదీర్‌కు చెప్పబోయాను. "మాఫీ ముష్కిల్" అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు. ఇబ్బందేమీ లేదని దానర్థం. నిజమే, ఆయనకు ఇబ్బందేముంది. ఆడాల్సింది మేము కదా.

మాలో ఫుట్‌బాల్ తెలిసిన మనిషి ఒక్కడే, స్టోర్ చూసుకునే మలయాళీ. అతను రెండు వారాల ముందే సెలవు మీద ఇంటికి పోయాడు. ఫోన్ చేసి సంగతి చెబితే ముందు చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత వాళ్లావిడకు చెప్పి ఆమెనూ నవ్వించాడు. సలహా మాత్రం ఇవ్వలేదు.

అప్పుడు ముందుకొచ్చాడు మా ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. జగిత్యాల దగ్గరి మనిషి. వయసు యాభై రెండు. సౌదీకి వచ్చి ఇరవై రెండేళ్లయింది. వచ్చినప్పుడు సన్నగా ఉండేవాడని ఆయన పాత పాస్‌పోర్టు చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు మాత్రం ఆయన మలుపు తిరుగుతుంటే ముందు పొట్ట వస్తుంది, వెనక ఆయన వస్తాడు.

"నేను ఇంటర్ చదివేటప్పుడు కాలేజ్ టీమ్ల ఉన్న" అన్నాడు. "ఒక్క ఏడు కాదు, రెండేండ్లు. మీరెవ్వలు పరేషాన్ గాకుండ్రి."

ఆ మాటతో ఆయనే కెప్టెనూ కోచూ అయిపోయాడు. నిచ్చెనెక్కి చేతులు పైకెత్తి పనిచేసే అలవాటుంది కాబట్టి నేను గోల్‌కీపర్ అయ్యాను. మిగిలినవాళ్లలో కాలేజీ బస్సు నడిపే పాకిస్తానీ, ఇద్దరు బంగ్లాదేశీలు, తోట చూసుకునే నేపాలీ ఒప్పుకున్నారు. ఏడోవాడు మన ప్లంబర్.

ఈ ప్లంబర్ గురించి కొంచెం చెప్పాలి. నిర్మల్ దగ్గరి పల్లెటూరి నుంచి ఆరు నెలల ముందే వచ్చాడు. ఇరవై నాలుగేళ్లు. బంతిని కాలితో ముట్టి ఎరగడు. కానీ పరుగుంది చూడండీ, అది పుట్టుకతో వచ్చిన పరుగు. ఒకసారి మూడో అంతస్తులో పైపు పగిలి వరండా అంతా నీళ్లయింది. ఫోర్‌మన్ జేబులోంచి ఫోన్ తీసి కళ్లజోడు పెట్టుకునేలోపల ఇతను మూడంతస్తులు దిగి, మైదానం దాటి, మెయిన్ వాల్వు కట్టేసి, తిరిగొచ్చి ఆయన పక్కనే నిలబడ్డాడు. "ఇంకా పోలేదార?" అని ఫోర్‌మన్ తిట్టాడు కూడా.

జట్టుకు ముందు ఎవరుండాలన్న దగ్గర పేచీ మొదలైంది. మేముండే క్యాంపులో అన్నం తింటూ బస్సు డ్రైవరు, పరుగెత్తే ఈ కుర్రాడే ముందుండాలని హిందీలో చెప్పాడు. "దౌడ్‌నే వాలా చాహియే, భాయ్. యే లడ్‌కా ఆగే రహేగా."

ఫోర్‌మన్‌కు కోపం వచ్చింది. "ఉరుకుడు ఏముంది? కుక్క గూడ ఉరుకుతది. ఎటు ఉరకాల్నో ఎరుక ఉండాలె. అది అనుభవంతోని అస్తది."

"గట్లనే కానియ్ కాకా" అన్నాడు ప్లంబర్, పచ్చడి కలుపుకుంటూ. "ఎటు ఉరకాల్నో నువ్వు చెప్పు. నేను ఉరుకుత."

ఇంతకంటే న్యాయమైన ఒప్పందం ఇంకేముంటుంది? పేచీ అక్కడితో ఆగిపోవాలి. ఆగలేదు. జట్టు రెండు ముక్కలైంది. పుట్టుకతో వచ్చిన విద్యే గొప్పదని బస్సు డ్రైవరు పక్షం, ఆరితేరినవాడే గొప్పవాడని ఫోర్‌మన్ పక్షం. నేను ఎవరితో ఉంటే వాళ్ల పక్షం.

డ్యూటీ అయ్యాక క్యాంపు వెనక ఇసుకలో ప్రాక్టీసు. ఫోర్‌మన్ ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని పాఠం చెప్పేవాడు. ఎర్ర వైరు ముక్కలు మేము, నల్ల వైరు ముక్కలు వాళ్లు.

"బంతి అంటె కరెంటు లెక్క" అన్నాడు మొదటిరోజు. "ఒక్క తాన ఆగద్దు. నీ దగ్గరికి వచ్చిందా, పక్కోనికి ఇచ్చెయ్యి. పట్టుకోని నిలవడ్డవా, కొడ్తది."

పాఠం ఎంత బాగా తలకెక్కిందంటే, ఆ రోజు నుంచి మా జట్టులో బంతి ఎవరి దగ్గరికి వచ్చినా నిజంగానే షాక్ కొట్టినట్టు ఎగిరి అవతలికి తన్నేవారు. అవతల ఎవరున్నారని చూసేవారు కాదు.

ప్లంబర్ మొదటిసారి తన్నినప్పుడు బంతి నాలుగడుగులు పోయింది, బూటు ప్రహరీ గోడ దాటింది. రెండోసారి లేసు గట్టిగా కట్టుకుని తన్నాడు. ఈసారి బూటు కాలికే ఉంది, బంతి గోడ దాటింది. రెండుసార్లూ అతనే గోడ దూకి తెచ్చాడు. అంత త్వరగా తెస్తాడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఫోర్‌మన్ మాత్రం పది రోజుల్లో ఒక్కసారి కూడా బంతి ముట్టలేదు. అడిగితే మోకాలు మీద చేయి వేసుకుని, "మ్యాచ్ కోసం దాస్తున్న" అనేవాడు.

మ్యాచ్ గురువారం సాయంత్రం, అసర్ నమాజు అయిన తర్వాత. ఎండ మెత్తబడింది, సముద్రం వైపు నుంచి చల్లగాలి వీస్తోంది. విద్యార్థులు ఒకే రంగు జెర్సీల్లో, మెరిసే బూట్లతో వచ్చారు. ఇరవై ఏళ్ల పిల్లలు. మాకు జెర్సీలు లేవు కాబట్టి పనిలో వేసుకునే పసుపుపచ్చ సేఫ్టీ జాకెట్లే వేసుకున్నాం. నేపాలీ ఇనుప ముక్కు సేఫ్టీ బూట్లతోనే దిగబోతే ముదీర్ పరుగెత్తుకొచ్చి విప్పించాడు. రెఫరీ కూడా ముదీరే. కాళ్ల దాకా వేలాడే తెల్ల అంగీ, తోబుకు దుమ్ము అంటకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఈల పట్టుకున్నాడు. మెట్ల మీద కాలేజీ అంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంది.

ఈల వినబడింది. నేను ఇంకా చేతి తొడుగులు సరిచేసుకుంటూనే ఉన్నాను, మొదటి గోలు పడిపోయింది. నా ఎడమ పక్క నుంచి పోయింది. రెండోసారి ఎడమకే దూకాను, కుడి నుంచి పోయింది. ఇక దూకడం దండగ అనిపించి మూడోసారి కదలకుండా నిలబడ్డాను. కాళ్ల మధ్యలోంచి పోయింది. సగం ఆట అయ్యేసరికి అయిదు.

ఫోర్‌మన్ మైదానం నడిమధ్యలో నిలబడి వేలితో చూపిస్తూ ఉన్నాడు. ఆయన వేలు ఎటు చూపితే బంతి అటు కాకుండా ఇంకో పక్కకు పోతోంది. ప్లంబర్ పరుగు చూసి మాత్రం విద్యార్థుల మొహాలు మారిపోయాయి. వాళ్లలో ఒక్కడు కూడా అతన్ని అందుకోలేకపోయాడు. దురదృష్టం ఏమిటంటే బంతి కూడా అందుకోలేకపోయింది. గోలు దాకా దూసుకుపోయి వెనక్కి తిరిగి చూసుకుంటే బంతి ఎక్కడో ముప్పై అడుగుల వెనక దొర్లుతూ ఉండేది. అయినా మెట్ల మీది పిల్లలు లేచి చప్పట్లు కొట్టారు.

సగం ఆట తర్వాత జట్లు వైపులు మారతాయి. ఆ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ప్లంబర్‌కు ఎవరూ చెప్పలేదు.

ఈల వినబడగానే బంతి అతని కాలి దగ్గరికే వచ్చింది. ఈసారి బంతిని వదలకుండా, చిన్న చిన్న తాపులతో నడుపుకుంటూ, పది రోజుల్లో ఎన్నడూ ఆడనంత చక్కగా, నేరుగా నా మీదికి వస్తున్నాడు. నాకేం చేయాలో తోచలేదు.

"అన్నా, జరుగు! జరుగు!" అని అరిచాడు.

అంత నమ్మకంగా చెబుతున్న మనిషిని కాదనలేం. జరిగాను. గోలు పడింది. వచ్చి నన్ను వాటేసుకున్నాడు. నేనూ వాటేసుకున్నాను. విద్యార్థులు కూడా వచ్చి మా ఇద్దరినీ వాటేసుకున్నారు.

ఫోర్‌మన్ ఉన్నచోటనే నేల మీద చతికిలబడ్డాడు. "అరేయ్, అది మనదిర! మన గోలుర అది!" అన్నాడు ఏడుపు గొంతుతో.

"మన గోలే కాకా, నేనే కొట్టిన!" అన్నాడు ప్లంబర్.

విషయం బోధపడటానికి రెండు నిమిషాలు పట్టింది. బోధపడ్డాక అతను మొహం జాకెట్‌లో దాచుకున్నాడు. ఆలోపల విద్యార్థులు ఏడోది కూడా వేసేశారు.

ఆట ముగియడానికి ఇంకా కాస్త సమయం ఉంది. ఫోర్‌మన్ లేచి వచ్చి ప్లంబర్ భుజాలు పట్టుకుని, చిన్నపిల్లవాణ్ణి తిప్పినట్టు అవతలి వైపుకు తిప్పాడు.

"అగో, ఆ గోడకు ఎర్ర డబ్బా కనవడ్తుందా? ఫైర్ పైపు డబ్బా?"

"కనవడ్తుంది కాకా. దాని వాల్వు నేనే మార్చిన."

"దాని దిక్కు కొట్టు. గంతే. ఇంకేం ఆలోచన చెయ్యకు."

అని చెప్పి, మ్యాచ్ మొత్తంలో మొదటిసారి నడిచి, అవతలి గోలు ముందుకు పోయి నిలబడ్డాడు. అంత దూరం నడిచేసరికి ఆయాసం వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని గాలి పీల్చుకుంటున్నాడు. ఆ పిల్లలు కూడా పెద్దాయన అలసిపోయాడనుకుని పట్టించుకోలేదు.

ప్లంబర్‌కు బంతి దొరికింది. ఎర్ర డబ్బా వైపు చూశాడు. తన్నాడు. అంత గట్టి తన్ను నా జన్మలో చూడలేదు. అయితే అది ఎర్ర డబ్బాకు కాదు, గోలుకూ కాదు, పక్కన మూలనున్న జెండా వైపు పోతోంది. దారిలో ఫోర్‌మన్ పొట్ట ఉంది. దబ్బుమని చప్పుడయింది. మెట్ల మీద కూర్చున్నవాళ్లకు కూడా వినబడిందట. బంతి పొట్టకు తగిలి, దారి మళ్లి, వయ్యారంగా దొర్లుకుంటూ గోల్లోకి పోయింది. ఫోర్‌మన్ వెనక్కి వెల్లకిలా పడ్డాడు.

ముదీర్ ఈల వేసి, చేయి ఎత్తి గోలు అన్నాడు. ఆ తర్వాత మైదానం ఎవరి చేతుల్లోనూ లేదు. విద్యార్థులు, మేము, మెట్ల మీది వాళ్లు, అందరం ఆయన మీదికి పరుగెత్తాం. ఆయన్ని భుజాల మీదికి ఎత్తాలని నలుగురు పట్టారు, లేవలేదు. ఆరుగురు పట్టారు. లేచాడు కానీ మూడడుగుల్లోనే దించేశారు.

ఏడుకు ఒకటి. ఓడిపోయామని మాలో ఎవరికీ అనిపించలేదు. క్యాంపుకు వచ్చే బస్సులో పాత పేచీ మళ్లీ లేచింది. తన్నింది ప్లంబర్ కాబట్టి గోలు అతనిదని డ్రైవరు స్టీరింగ్ కొడుతూ అన్నాడు. సరైన సమయానికి సరైన చోట నిలబడటమే ఆట అని బంగ్లాదేశీలు అన్నారు. ఈ మాటకు ఎగిరి గంతేయాల్సిన ఫోర్‌మన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు శుక్రవారం, సెలవు. నొప్పికి రాసుకునే మందు తీసుకుని ఆయన గదికి పోయాను. బనీను ఎత్తి చూపించాడు. పొట్ట మీద ఎర్రగా గుండ్రటి ముద్ర, బంతి మీది కుట్లు లెక్కపెట్టొచ్చు.

"తమ్మీ, ఒక ముచ్చట చెప్త. ఎవ్వలకు చెప్పకు" అన్నాడు. "నేను కాలేజ్ టీమ్ల ఉన్నది నిజమే. పేరు గూడ లిస్టుల ఉండె. కని ఎక్‌స్ట్రా. రెండేండ్లు బెంచి మీన కూసున్న. ఎవ్వనికన్న కాలు ఇరగకపోతదా, నన్ను పిలవకపోతరా అని చూసిన. ఒక్కని కాలు గూడ ఇరగలే."

"అంటే అన్నా, నిన్నటిది..."

"నిన్నటిదే మొదటి మ్యాచ్."

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూస్తే ఆగిపోయింది. ఆయనే ముందు నవ్వాడు. నవ్వితే పొట్ట నొప్పి పెట్టి మళ్లీ మూలిగాడు. మందు రాస్తూ, "మరి రెండేళ్లు కూర్చుని చూసింది కూడా అనుభవమే కదా అన్నా" అన్నాను. అలా అనాలి కాబట్టి అనలేదు. నాకు అలాగే అనిపించింది.

ఎవరికీ చెప్పొద్దన్న మాట వారం తిరిగేసరికి ఆయనే అందరికీ చెప్పేశాడు. నా బరువు దిగింది.

ఆదివారం విద్యార్థుల కెప్టెన్ మా వర్క్‌షాపుకు వచ్చి, సాయంత్రాలు తమతో ప్రాక్టీసుకు రమ్మని ప్లంబర్‌ను అడిగాడు. ఇంత పరుగు తమలో ఎవరికీ లేదట, బంతి సంగతి తాము నేర్పుతారట. ప్లంబర్ ఒక్క షరతు పెట్టాడు.

"కాకా గూడ అస్తడు. ఆయన లేకుంటె ఎటు ఉరకాల్నో నాకు తెల్వది."

ఇద్దరూ పోవడం మొదలుపెట్టారు. ఫోర్‌మన్‌ను ఆ పిల్లలు "అమ్మూ" అని పిలిచేవారు. బాబాయ్ అన్నట్టు. అమ్మా అంటున్నారనుకుని ఆయన మొదట్లో కొంచెం నొచ్చుకున్నాడు. పెయింటు డబ్బా మీద కూర్చోమంటే కూర్చోలేదు. కొత్త బూట్లు కొనుక్కుని మైదానంలోకే దిగాడు. రెండో వారంలో బంతిని గట్టిగా తన్నబోయి నేలను తన్నాడు. చీలమండ పూరీలా ఉబ్బింది.

నేనే క్లినిక్‌కు తీసుకుపోయాను. హైదరాబాదీ డాక్టరమ్మ కాలు నొక్కి చూస్తూ, ఎలా తగిలిందని అడిగింది. నిచ్చెన మీంచి జారాడా, పనిలో ఏమైనా జరిగిందా అని.

"కాదు డాక్టరమ్మా" అన్నాడు ఫోర్‌మన్, మంచం మీద వీలైనంత నిటారుగా కూర్చుని. "ఫుట్‌బాల్ ఆడంగ తాకింది."

ఆమె తల ఎత్తి ఆయన వయసునూ పొట్టనూ ఒకసారి చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది. ఆయన మెడ చాచి ఆ కాగితంలోకి తొంగిచూశాడు.

"ఆడంగ అని రాసిండ్రా అమ్మా?"

"రాశానండీ."

"జర పెద్దగ రాయుండ్రి" అన్నాడు.