మూసిపెట్టాల్సిన ఇల్లు

పోయిన మనిషి మీద ఒట్టు వేయకూడదంటారు. అయినా నా భార్య సుజాత మీద ఒట్టు వేసే చెబుతున్నాను... ఇది జరిగింది. ఖమ్మంలో, నేను ఇప్పటికీ ఉంటున్న ఇంట్లోనే.

సుజాత పోయిన ఘడియ చూసి పంతులు నక్షత్రం మంచిది కాదన్నాడు. ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి, లోపల ఎవరూ ఉండకూడదు. మాది కిరాయి ఇల్లు. దినకర్మ అయిన మర్నాడే పైన ఉండే ఓనరమ్మ కిందికి దిగి వచ్చింది.

"నాకు పట్టింపు లేదు సారూ. మా కోడలే భయపడుతున్నది. చిన్నపిల్లలున్నరు గద. జల్దీ వేరే చూసుకోరి."

ఆమెను తప్పు పట్టలేదు. సామాను అక్కడే వదిలి, తాళం వేసి, ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. నాది కాలేజీలో గుమస్తా ఉద్యోగం. ఒక్క పడకగది చాలు. టులెట్ బోర్డు ఉన్న ప్రతి గేటూ తట్టాను. ముందు నా గుండు చూసేవారు. "ఎవరు పోయిండ్రు?" అనేవారు. చెప్పేవాణ్ణి. "అయ్యో, పొద్దుగాలనే ఇచ్చేసినం" అనేవారు. బోర్డు మాత్రం గేటుకే ఉండేది. రాత్రిళ్లు కాలేజీ బెంచీ మీద పడుకున్నాను. వారం చివరిదాకా ఉండమన్నాడు ప్రిన్సిపాల్. ఆ తర్వాత ఎక్కడికి పోవాలో తెలియదు.

చివరికి పరుపుల దుకాణం మస్తాన్ భాయ్ తన మేడ మీది ఇల్లు చూపించాడు. ఒక గది, వంటిల్లు, తలుపు బయట నల్లా. కిరాయి సగమే చెప్పాడు.

"ఎందుకింత తక్కువ భాయ్?"

"మీతోని అబద్ధమెందుకు సార్. ముందున్నోళ్ల కోడలు ఇక్కడనే పోయింది. గా పంతుళ్లు నక్షత్రం మంచిగ లేదన్నరట, ఆర్నెల్లు మూసిపెట్టమన్నరట. వాళ్లేమో సామాన్లు సర్దుకొని వాళ్ల ఊరు చర్ల పోయిండ్రు. మూసిపెడితే కిరాయి నక్షత్రం కడ్తదా?"

"మీకు భయం లేదా?"

"మాకు నక్షత్రాల లెక్క లేదు సార్. పండుగకు చంద్రుడు కనపడితే చాలు. మీకే మరి..." నా గుండు వైపు చూసి ఆగిపోయాడు.

తాళం చెవి అందుకున్నాను. పాలు పొంగించలేదు. ఒక చాప, ఒక బిందె తెచ్చుకున్నాను.

ఆ రోజే. చీకటి పడ్డాక వాన మొదలైంది. కరెంటు పోయింది. చాప మీద కూర్చున్నాను...

మెట్ల మీద అడుగులు. మెల్లగా. మస్తాన్ భాయ్ అనుకున్నాను. ఆయన మెట్లెక్కితే ముందు ఆయాసం వినిపిస్తుంది. అది వినిపించలేదు.

అడుగులు బయట ఆగాయి. చెప్పులు విడిచిన చప్పుడు. ఒకటి... రెండోది. నల్లా తిరిగింది. నీళ్లు. ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంటున్న చప్పుడు... సుజాత బయటి నుంచి వస్తే అలాగే కడుక్కునేది. ఊళ్లో సగం మంది ఆడవాళ్లూ అలాగే కడుక్కుంటారు.

నల్లా ఆగింది.

తలుపు తట్టలేదు. అరచేయి ఆనించి నెట్టినట్టయింది. గడియ కొద్దిగా కదిలింది. గాజులు చెక్కకు తగిలాయి. మళ్లీ నెట్టారు... తన ఇంటి తలుపు ఎందుకు తెరుచుకోవడం లేదో తెలియనట్టు.

ఈ ఇంట్లో పోయిన అమ్మాయి తన వాళ్లను వెతుక్కుంటూ వచ్చిందేమో. వాళ్లు చర్లలో ఉన్నారని ఆమెకు ఎవరు చెబుతారు? నేను ఇక్కడున్నానని సుజాతకు మాత్రం ఎవరు చెప్పారు? ఆ ఇంటికి తాళం వేసి వచ్చేటప్పుడు నేనూ చెప్పలేదు.

తీస్తే ఎవరుంటారు? తీయకపోతే... వచ్చింది సుజాతే అయితే?

"సుజాతా" అన్నాను.

చేయి ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. వాన కూడా వినిపించలేదు. తర్వాత అడుగులు మెట్లు దిగాయి. వచ్చినంత మెల్లగానే.

తలుపు తీశాను. ఎవరూ లేరు. వాన జల్లుకు మెట్లన్నీ తడిసే ఉన్నాయి.

పొద్దున దుకాణం తెరుస్తూ మస్తాన్ భాయ్ అడిగాడు, "నిద్ర పట్టిందా సార్?"

"అవ్ భాయ్" అన్నాను. ఇంకో ఇల్లు వెతికే ఓపిక లేదు.

ఆ అమ్మాయే అయితే, వేరే ఎవరి పేరో విని వెళ్లిపోయి ఉంటుంది. అదే అయి ఉండాలి. కానీ పెళ్లయినప్పటి నుంచి నేను నా భార్యను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "ఇగో" అనేవాణ్ణి. నా నోటి నుంచి ఆమెకు తెలిసిన పిలుపు అదొక్కటే.

వచ్చింది సుజాతే అయితే, లోపల ఎవరో పరాయి మనిషి ఉన్నాడనుకుందో... ఏమో.