ఆరు లైన్ల గ్రామసభ

జగిత్యాల జిల్లా అయ్యాక వచ్చిన మూడో వానాకాలంలో నన్ను సిరిసిల్ల నుంచి అక్కడికి స్టాఫ్ రిపోర్టర్‌గా బదిలీ చేశారు. కోరుట్ల వైపు మండలాలు కూడా నా కిందికే వచ్చాయి. స్టాఫ్ రిపోర్టర్ కింద మండలానికొక కంట్రిబ్యూటర్ ఉంటాడు. అతను ఊళ్ల వార్తలు పంపుతాడు. వాటిని చూసి, దిద్ది, సాయంత్రం ఆరులోపు డెస్కుకు దాటించడం నా పని.

గ్రామసభ వార్తలను మేము వార్తల కింద లెక్కపెట్టేవాళ్లం కాదు. వాటిని ఫిల్లర్లు అనేవాళ్లం. పేజీ అడుగున ఖాళీ పడితే నింపడానికి పనికొచ్చే ముక్కలన్నమాట. ఊరి పేరు, సర్పంచ్ పేరు, ‘ఏకగ్రీవంగా తీర్మానించారు’ అన్న మాట ఉంటే చాలు, వార్త పోయేది. ఒక్కోదానికి నేను నిమిషం కంటే ఎక్కువ ఇచ్చిన గుర్తు లేదు.

అలా పోయిన వాటిలో ఒకటి కోరుట్ల వైపు ఓ ఊరిది. ఊరి పేరు రాయను, అక్కడి మనుషులు ఇంకా అక్కడే బతకాలి. గుట్ట మీద రాయి క్వారీకి అభ్యంతరం లేదని గ్రామసభ తీర్మానించిందని ఆరు లైన్లు, పక్కన ఒక ఫొటో. అప్పట్లో క్వారీ ఫైలు కదలాలంటే అందులో ఊరి సభ తీర్మానం ఉండాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా చూడలేదు.

పదిహేను రోజులకు జమున అనే ఆమె మా ఆఫీసుకు వచ్చింది. నలభై లోపు వయసు. భర్త లింబాద్రి మస్కట్‌లో ఉంటాడు. గుట్ట కింద రెండెకరాల పొలం, ఒక బావి. ఆ బావి నీళ్లే ఇంటికీ, పొలానికీ. గుట్ట మీద పేలుళ్లు మొదలైతే ఊట తెగిపోతుందని ఆమె భయం. అప్పటికే రాయి తొలిచే మిషిన్ ఒకటి గుట్ట ఎక్కింది. ఆమె కూర్చోకుండానే పేపరు కత్తిరింపు నా బల్ల మీద పెట్టింది.

“గీ సభ నువ్వు సూసినవా, సారు?”

చూడలేదని, మా కంట్రిబ్యూటర్ పంపాడని చెప్పాను.

“మీవోడు సూసిండా?”

అతనికి ఫోన్ చేశాను. సర్పంచ్ మనిషి వాట్సాప్‌లో పెడితే ఉన్నదున్నట్టు పంపానన్నాడు. ఫోన్ బయటికి వినబడుతూనే ఉంది.

“మంచిగున్నది. సూడనోడు పంపిండు, సూడనోడు అచ్చేసిండు. కాని సభ మాత్రం మస్తుగ అయ్యింది” అందామె. తర్వాత ఫొటో మీద వేలు పెట్టింది. “గిది మొక్కలు పంచిననాటి ఫొటో. మూడో వరసల ఉన్నది నేనే. చేతుల జామ మొక్క గూడ ఉన్నది, కనవడ్తలేదా?”

కనబడుతోంది. ఫొటోలో సగం మంది చేతుల్లో నల్ల కవర్లలో మొక్కలున్నాయి. నేను దాన్ని ఒకసారి చూసి అచ్చుకు పంపినవాణ్ని.

అసలు విషయం ఇంకా ఉంది. సభకు వచ్చినవాళ్ల హాజరు పట్టీలో లింబాద్రి సంతకం ఉంది. మస్కట్‌లో ఉన్న మనిషిది. అది పెట్టింది జమునే. ఒక రోజు మధ్యాహ్నం పూట కారోబార్, అంటే పంచాయతీ పన్నులు వసూలు చేసే మనిషి, ఖాళీ పట్టీ పట్టుకుని ఇంటింటికీ వచ్చాడు. మోరీలు, అంటే మురికి కాల్వలు, తీసే పనికని చెప్పాడు. ఇంటి పెద్ద పేరు రాయమన్నాడు. ఆ వాడలో ఇంటి పెద్దలు చాలామంది గల్ఫ్‌లో ఉన్నారు. రేషన్ కార్డుకూ, కరెంటు మీటరుకూ ఏళ్ల తరబడి అలాగే భర్తల పేర్లు రాస్తున్న ఆడవాళ్లు దీనికీ అలాగే రాశారు.

“మా నాయిన సిరిసిల్లల సాంచలు నడిపేటోడు” అంది వెళ్లబోతూ. సాంచలంటే మరమగ్గాలు. “సంగం మీటింగ్ల మొత్తం సదివినంకనే సంతకం వెట్టేటోడు. నేను గీడికచ్చి గా బుద్ధి మర్సిన.”

మర్నాడు ఊరికి పోయాను. కారోబార్ ఏదీ దాచలేదు. అతని దృష్టిలో అది తప్పే కాదు. నాట్లు పడుతుంటే సభకు ఎవరొస్తారని నన్నే అడిగాడు. “ఇల్లిల్లు తిరుగుతనే కోరం అయితది, సారు. ఎప్పటిసంది గిట్లనే నడుస్తుంది. మీ పేపర్ల గూడ ఎప్పటిసంది వడుతుంది గద.” సర్పంచ్ నన్ను చూసి బండి తీసుకుని మెట్‌పల్లి పోయాడు.

పంచాయతీల మీద అజమాయిషీ ఉన్న అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఫైలు తెప్పించి నా ముందే తిప్పాడు. తీర్మానం నకలు, హాజరు పట్టీ, మూడోది మా పత్రిక కత్తిరింపు. సభ జరిగిందనడానికి సాక్ష్యంగా దాన్ని జతచేశారు. “మీ పేపరే రాసింది, ఇప్పుడు మీరే కాలేదంటే ఎట్ల?” అన్నాడు నవ్వుతూ. లింబాద్రి సంతకం సంగతి చెప్పాను. నవ్వు ఆపాడు. లేని మనిషి పేరుతో సంతకం పెట్టడం ఫోర్జరీ కిందికి వస్తుందనీ, ఆ సంతకం తనదేనని ఆమె రాసిస్తే కేసు ఆమె మీదే అవుతుందనీ అన్నాడు. ఖాళీ కాగితం ఇంటింటికీ తిప్పినవాడి మాట ఆయన నోట రాలేదు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక ప్రభుత్వ ఆఫీసు గదిలో గొంతు పెంచింది ఆ రోజు ఒక్కటే. దానివల్ల ఏమీ కాలేదు. టీ తాగి వెళ్లమన్నాడు.

సాయంత్రం జమున ఇంటికి పోయి ఉన్నమాట చెప్పాను. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు బీడీలు చేస్తున్నారు. పక్కింటి మల్లవ్వ చాటలోంచి తలెత్తకుండానే అంది: “కేసైతె అందరి మీద గావాలె. మా వాడకట్టుల సగం మంది మొగోళ్లు దుబాయిలుండి గీడ సంతకాలు వెట్టిపోయిండ్రు. ఇమానం కిరాయి గూడ వడలే.”

అందరూ నవ్వారు. జమున నవ్వలేదు. భర్త ఫోన్‌లో ఇందులోకి పోవద్దన్నాడట. “ఆయన నీళ్లు ఆడ తాగుతున్నడు, నేను గీడ తాగాలె” అంది. చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, తాను రాసిస్తానంది. అధికారి చెప్పింది అర్థమైందా అని అడిగాను. “అయ్యింది, సారు. భయమైతున్నది. అయినా రాస్త.”

ఓటర్లలో కొంతమంది రాతపూర్వకంగా కోరితే సర్పంచ్ గ్రామసభ పెట్టక తప్పదు. ఈ నిబంధన ఉందని ఊళ్లలో చాలామందికి తెలియదు. తెలిసిన మాబోటివాళ్లం చెప్పం. మళ్లీ సభ పెట్టాలని జమున రాసిన కాగితం నేను చూసిచ్చాను. జమున వాడవాడ తిరిగి, ప్రతి ఇంటి ముందూ మొత్తం చదివి వినిపించి, ఎవరి పేరు వాళ్లతోనే రాయించింది. అధికారులు రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి ముద్ర వేసి తీసుకున్నారు.

డప్పు చాటింపు వేసి, పంచాయతీ ఆఫీసు ముందు సభ పెట్టారు. ఒక పూట పని పోతే గిట్టదు కాబట్టి ఆడవాళ్లు బీడీ చాటలతోనే వచ్చి కూర్చున్నారు. ఆ అధికారి కూడా వచ్చాడు. లింబాద్రి సంతకం ఎవరు చేశారని మొదటే అడిగాడు. బెదిరిస్తే సభ అక్కడితో చెదిరిపోతుందని ఆయన లెక్క.

జమున లేచింది. “నేనే రాసిన. ఇంటి పెద్ద పేరు అన్నడు కారోబారు. ఇంట్ల పెద్దగ ఉన్నది నేను, పేరు ఆయనది రాసిన. గది నా తప్పు, రాసుకోన్రి. కాని సభ అయ్యిందని రాసినోళ్ల తప్పు గూడ గా కాయితంలనే రాయున్రి.”

మల్లవ్వ చాట కింద పెట్టి లేచింది. కొడుకు పేరు రాసింది తానేనంది. తర్వాత ఇంకొకామె, ఇంకొకామె. అధికారి పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. పాత తీర్మానాన్ని రద్దు చేస్తూ కొత్తది రాసి, పైకి చదివి, కింద మిగిలిన ఖాళీకి అడ్డగీత కొట్టి, అప్పుడు సంతకాలు తీసుకున్నారు. గీత కొట్టమని పట్టుబట్టింది జమునే. నెల తిరిగేలోగా మిషిన్ గుట్ట దిగింది.

దొంగ సభ రాసినవాళ్లలో ఒక్కరికి కూడా మెమో అందలేదు. ఆ మొత్తం వ్యవహారంలో ఆ అధికారి ఆఫీసు నుంచి వెళ్లిన నోటీసు ఒక్కటే. వేరొకరి పేరుతో సంతకం ఎందుకు పెట్టావో సంజాయిషీ ఇవ్వాలని జమునకు. ఆమె సభలో చెప్పిన మాటలే రాసి పంపింది. జవాబు రాలేదు.

మా దగ్గరా అంతే. ముందు వేసిన వార్త అబద్ధమనీ, దాన్ని చూడకుండా పంపింది నేనేననీ రాశాను. ఎడిషన్ ఇన్‌చార్జి ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, ‘గ్రామస్థుల అభ్యంతరంతో తీర్మానం రద్దు’ అని వేశాడు. మన తప్పు మనమే చెప్పుకుంటే రేపు ఎవరు నమ్ముతారన్నాడు. గట్టిగానే పోట్లాడాను. ఉద్యోగం మాత్రం వదలలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, సభ జరిగిందన్న ఏ వార్త వచ్చినా, అక్కడ కూర్చుని చూసిందెవరని అడిగాను. పేరు చెప్పలేకపోతే వార్త ఆపేశాను. దానివల్ల చాలా పేజీల్లో అడుగున ఖాళీలు మిగిలాయి, డెస్కు నుంచి తిట్లు వచ్చాయి. ఊరి పనుల్లో జనం పాలుపంచుకోవాలని ఉపన్యాసాలు చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. ఆ ఊళ్లో జనం రాలేదనడం అబద్ధం, వాళ్లను పిలవనే లేదు. పిలవకుండా సంతకాలు తీసుకున్నవాళ్లది ఒక తప్పు. అది ఏం కాగితమో చూడకుండా పెట్టినవాళ్లది ఇంకొక తప్పు, దాన్ని వాళ్లు నలుగురిలో ఒప్పుకుని దిద్దుకున్నారు. నా తప్పు జీతం తీసుకుంటూ చేసింది. దానికి నన్నెవరూ సంజాయిషీ అడగలేదు.