కొసరు లోపలున్న డబ్బా

అరసవల్లిలో మా వీధికి బుధవారం బుధవారం ఎండు రొయ్యలు అమ్మే ఆమె వచ్చేది. పొడుగాటి రేకు డబ్బాతో కొలిచేది. మా వంటింట్లో చింతపండు పోసుకునే డబ్బా కూడా అదే రకం, అదే సైజు. డబ్బా నిండాక పైన గుప్పెడు కొసరు వెయ్యాలి. ఆ గుప్పెడు కోసం నేను పెట్టే పోట్లాటకి పక్కింటి తలుపులు తెరుచుకునేవి.

ఒక బుధవారం ఆమె కొత్త డబ్బా తెచ్చింది. వెడల్పుగా ఉంది, ఎత్తు మాత్రం పాతదాంట్లో సగం. ధర పాతదే. పైగా కొసరు వెయ్యనంది.

"ఏటమ్మా ఇది? డబ్బాని సగానికి కోసీసి, రేటు నిండుగా అడుగుతావా?"

"ఎడల్పు సూడమ్మా. ఎత్తొక్కటే సూస్తే ఎలగ?"

"నాకు సెప్తావేటి? డిగ్రీలో లెక్కలు సదివినాను. ఇది మోసం!"

వీధంతా వినేలా అన్నాను. కొనడానికొచ్చిన ఆడవాళ్లు ఖాళీ గిన్నెలతో వెనక్కెళ్లిపోయారు. రొయ్యల కూరకి వంకాయలు తరిగిపెట్టుకున్నాను కాబట్టి నేనే సణుగుతూ ఒక డబ్బా కొన్నాను.

లోపలికెళ్లి, చింతపండు తీసేసి, రొయ్యలు మా డబ్బాలో పోశాను. అంచు దాకా నిండింది. గిన్నెలో ఇంకా మిగిలాయి. తట్టి, కుదిపి, మళ్లీ పోశాను. మళ్లీ మిగిలాయి.

మా ఆయన పేపరు దించారు. "ఆ కొత్త డబ్బా అడ్డం మన డబ్బాకి ఒకటిన్నర రెట్లుంటాదా?"

"ఉంటాది."

"ఒకటిన్నరని ఒకటిన్నరతో హెచ్చెయ్యి. రెండుంపావు. ఎత్తు సగం కాబట్టి అందులో సగం. పాతదానికన్నా ఎనిమిదో వంతు ఎక్కువే పోసినాది. నువ్వేమో దొంగని సేసీసినావు."

"సూత్రం నాకూ తెలుసు!"

తెలుసు మరి. పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో. వీధిలో మాత్రం కళ్లు ఎత్తునే కొలిచాయి, నోరు ఆగలేదు.

తరువాతి బుధవారం పొద్దుటినుంచీ గుమ్మంలోకీ వీధిలోకీ తిరిగాను. పాలు పొంగిపోయాయి. ఆమె రాలేదు. ఆపై బుధవారమూ రాలేదు. "నువ్వు కడిగీసినావు కాబట్టే ఆ మోసగత్తె మానేసినాది వదినా" అని పక్కింటావిడ మెచ్చుకుంటే, కాదు, తప్పు నాదే అనడానికి నోరు పెగల్లేదు. అన్నిటికీ లేచే నోరు!

శుక్రవారం ఆటో ఎక్కి, మిగతా రోజుల్లో ఆమె అమ్ముకునే శ్రీకాకుళం చేపల బజారుకి పోయాను. వరస చివర కూర్చుని ఉంది, తుప్పు పట్టిన పాత డబ్బాతో.

"తప్పు నాదేనమ్మా. కొలిసి సూసినాను. కొత్త డబ్బాలోనే ఎక్కువ పడతాది."

"నాకు తెలీదేటి? కొసరు కాడ రోజూ తగువులాడలేక, ఆ గుప్పెడు లోపలే పట్టేలాగ ఎతికి ఎతికి కొన్నాను. నీ నోటి పుణ్యమా అని మూల పడీసినాను."

"బుధవారం రా."

"ఎలగొస్తాను? మోసమని ఈదిలో అరిసినావు. కాదని కూడా అక్కడే అరిసి సెప్పు. అప్పుడు సూద్దాం."

"అయితే ఆ డబ్బా ఇయ్యి."

గోనె కింద నుంచి తీసి ఇచ్చింది. "సొట్ట పెట్టకు."

ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, ఏ మాటతో మొదలుపెట్టాలో తేలక. దిగగానే మా ఇంట్లోంచి చింతపండు డబ్బా, బియ్యం తెచ్చి, పక్కింటి తలుపు కొట్టి, ఎదురింటివాళ్లనీ పిలిచి, వాళ్ల అరుగు మీదే వెడల్పు డబ్బా నిండా బియ్యం పోసి పొడుగుదాంట్లోకి వంపాను. నిండి, అరుగంతా ఒలికాయి. "ఆమె మోసం సెయ్యలేదు. నేనే తప్పు కూసినాను," అన్నాను. గొంతు చిన్నగా వచ్చింది. మళ్లీ గట్టిగా అన్నాను.

పక్కింటావిడ ఒలికిన బియ్యం గుప్పిట్లోకి ఎత్తింది.

"అయితే రమ్మను వదినా. కొసరు మాత్రం నాను ఒగ్గను."

"కొసరు లోపలే ఉన్నాదంటే ఇనవేటి!" అని అరిచాను.