కోనుకు క్షమాపణ

ఇంగ్లండులోని హల్ నగరంలో బెవర్లీ గారిని ఎరగని ట్రాఫిక్ కోను లేదు. యాభై దాటిన మనిషి. బడి వంటశాలలో బంగాళాదుంపలు చిదిమి చిదిమి బలిసిన పొట్టి చేతులు. లారీ సీటు మీద రెండు దిండ్లు, వాటి మీద ఆవిడ. దేనికి తగిలినా "సారీ నాన్నా" అనడం ఆవిడ అలవాటు: బల్లకి, దీపస్తంభానికి, పిల్లికి. పెద్ద లారీ లైసెన్సుకు మిగతా పరీక్షలన్నీ గట్టెక్కినా, వెనక్కి నడిపే పరీక్షలో వరసగా మూడుసార్లు, సారికో కోనును పడగొట్టి ఫెయిలైంది. మొదటి రెండింటినీ లేవనెత్తి, దుమ్ము దులిపి, సారీ చెప్పింది. మూడోసారి మాత్రం తిన్నగా ఇంటికి వెళ్లిపోయింది. "స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రైలరు కుడికి పోతుంది. మా ఆయనా అంతే. ఇన్నేళ్ల అనుభవం ఉండీ ఫెయిలయ్యానంటే నా తెలివి చూడండి!" అని నవ్వేది.

నవ్వులాట కానిది ఒక్కటే. లారీ నడిపే భర్త గ్రాహంకి చూపు మందగించి లైసెన్సు పోయింది. ఈసారీ ఆవిడ పరీక్ష తప్పితే లారీ అమ్మెయ్యాలి.

"కోన్లని మనుషులనుకోకే," అన్నాడాయన, పరీక్షనాటి పొద్దున టీ అందిస్తూ.

"మనుషులైతే తప్పుకునేవాళ్లు కదయ్యా!"

ఆవేళ లారీ గీతల మధ్య బుద్ధిగా ఒదిగింది. పరీక్షాధికారి తలెత్తేసరికి ఆవిడ దిగి, చివరి కోను ముందు వంగి "సారీ నాన్నా" అంటోంది.

"మీరు పాసయ్యారమ్మా! దాన్ని తాకనైనా లేదు, సారీ ఎందుకు?"

"ఇవాళ్టిది కాదండీ," అంది బెవర్లీ, దాని నెత్తిన దుమ్ము దులుపుతూ. "పోయినసారి ఏడుపులో పడి, చెప్పకుండానే వెళ్లిపోయాను."