వినియోగంలో లేదు

జిల్లాలు విడిపోయిన ఏడాది, దసరా వెళ్లిన వారానికి నన్ను శ్రీకాకుళం తీరప్రాంతానికి టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరుగా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఈ ఉద్యోగం గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు కాబట్టి ఒక మాట చెప్పాలి. లేఔటు వేయాలన్నా, ఉన్న కట్టడం తీసి కొత్తది కట్టాలన్నా ఫైలు ముందుగా మా బల్ల మీదికే వస్తుంది. మేము స్థలానికి వెళ్లి పరిశీలన నివేదిక రాస్తాం. ఆ పైన ప్లానింగ్ అధికారి, ఆయన పైన మరో ఇద్దరు సంతకాలు పెడతారు. వాళ్లు చూసేది మా కాగితం. స్థలాన్ని కళ్లతో చూసేది సూపర్‌వైజరు ఒక్కడే.

చేరిన వారంలోనే భావనపాడు వైపు తీరంలో ఉన్న ఒక మత్స్యకార పల్లె ఫైలు వచ్చింది. ఊరి పేరు రాయను. సముద్రానికి ఎదురుగా విల్లాలు కడతామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టుకుంది. తీరప్రాంత నియంత్రణ అనుమతి వేరే శాఖ చూసే పని. ఆ కాగితం అప్పటికే ఫైలులో ఉంది. స్థలం మధ్యలో పంచాయతీకి చెందిన రెండు కట్టడాలున్నాయి. ఒకటి వలల షెడ్డు, రెండోది దాన్ని ఆనుకుని ఉన్న సామాజిక భవనం. వాటిని తీసేసి, బదులుగా మెయిన్ రోడ్డు పక్కన అంతే స్థలం ఇస్తామన్నారు. గజానికి గజం సరిపోయింది. ఆ రోడ్డు సముద్రానికి మూడు కిలోమీటర్లు. తడిసిన వల ఎంత బరువుంటుందో ఆ ప్రతిపాదన రాసినవాడు ఎప్పుడూ ఎత్తి చూసి ఉండడు. పైగా అదే ప్లానులో క్లబ్ హౌసుకు 'సామాజిక అవసరాలు' అని పేరు పెట్టారు.

నేను ఉదయం పదకొండు దాటాక జీపులో వెళ్లాను. మనిషి అలికిడి లేదు. షెడ్డు బోసిగా ఉంది. భవనానికి తాళం ఉంది. గోడలు పెచ్చులూడాయి. టేపు పట్టి కొలతలు తీసుకుని, ఫొటోలు తీసి వచ్చేశాను. మా నమూనాలో 'ప్రస్తుత వినియోగం' అని ఒక గడి ఉంటుంది. అందులో 'వినియోగంలో లేదు' అని రాశాను. ముప్పై ఏళ్లుగా అలాగే రాస్తున్నాను.

ఫైలులో మిగతావన్నీ సక్రమంగానే కనిపించాయి. సెప్టెంబరులో చేసిన గ్రామసభ తీర్మానం ఉంది, కింద నలభైకి పైగా సంతకాలున్నాయి. అభ్యంతరాలకు ఇచ్చిన పదిహేను రోజుల గడువులో ఒక్క అభ్యంతరమూ రాలేదు. ఎలా వస్తుంది? నోటీసు అంటించింది పంచాయతీ కార్యాలయం బోర్డు మీద. పంచాయతీ ఒకటే అయినా ఆ కార్యాలయం ఉన్నది తీరానికి దూరంగా, రైతుల ఊళ్లో. చేపలమ్ముకునే ఆడవాళ్లకు అక్కడ పనేముంటుంది?

కంపెనీ మనుషులు వచ్చి సరిహద్దు రాళ్లు పాతాక ఎర్రమ్మ అనే ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. చేపల తట్ట వరండాలో దించి, తిన్నగా నా బల్ల దగ్గరికే నడిచింది.

"మమ్మల్ని ఓ మాట అడక్కండా మా సెడ్డు తీసెత్తారేటి బాబూ?" అంది.

గ్రామసభ ఒప్పుకుందమ్మా అని చెప్పి, తీర్మానంలో పేర్లు చదివాను. తొమ్మిదో పేరు ఆవిడ భర్త దానయ్యది. ఆవిడ నవ్వింది. కోపమొచ్చినప్పుడు నవ్వే నవ్వు అది.

"ఆడు ఆగస్టులోనే గుజరాతు ఎల్లిపోనాడు. వేరావల్లో బోటు మీదున్నాడు. మా పల్లెలో మగోళ్లు సగం మంది అక్కడే ఉన్నారు. సంతకమెట్టీడానికి ఎగిరొచ్చినాడేటి?"

అక్కడికక్కడే వీడియో కాల్ చేసింది. రేవులో పడవ మీద కూర్చున్న దానయ్య తెర మీద కనిపించాడు. విషయం చెప్పి, తీర్మానం కాగితం ఫోను ముందు పట్టుకున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలతో ఆయన సంతకం ఉంది.

"నాకు సంతకం రాదు బాబూ. ఎక్కడికెల్లినా ఏలిముద్రే," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఊళ్లో లేని మనిషి, సంతకమే రాని మనిషి, సంతకం పెట్టి మరీ తన షెడ్డు వదులుకున్నాడట!

మర్నాడు తెల్లవారకముందే ఆ పల్లెకు వెళ్లాను. నేను బోసిగా చూసిన షెడ్డులో కాలు పెట్టే చోటు లేదు. ఊళ్లో మిగిలిన మగవాళ్లు వలలు దులుపుతున్నారు. ఆడవాళ్లు చేపలు వేరు చేసి తట్టలకెత్తుతున్నారు. భవనం తాళం తీసి ఉంది. లోపల ఉప్పు బస్తాలు, ఎండు చేపల గంపలు, ఐసు పెట్టెలు. తుపాను హెచ్చరిక వస్తే పల్లె మొత్తం తల దాచుకునేది కూడా అందులోనేనని ఎర్రమ్మ చెప్పింది. ఎనిమిదయ్యేసరికి తట్టలన్నీ ఆటోలెక్కాయి. ఎర్రమ్మ భవనానికి తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది. పదకొండింటికి వచ్చే ప్రభుత్వానికి అక్కడ ఏం కనిపిస్తుంది?

ఆ రోజే రెండో నివేదిక రాశాను. మొదటిది తప్పని ఒప్పుకున్నాను. తీర్మానంలో సంతకాలు నమ్మదగినవి కావని వేరే నోటు పెట్టాను. ప్లానింగ్ అధికారి నన్ను పిలిపించారు. వయసులో నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. సంతకాల సంగతి పంచాయతీ చూసుకుంటుందన్నారు. అసలు వాడుకలో లేని కట్టడానికి గ్రామసభ తీర్మానం అంత ముఖ్యం కాదన్నారు. వాడుకలో ఉందని రెండో నివేదికలో రాశాను కదా అన్నాను.

"మొదటిది మీరు ఎవరితోనూ మాట్లాడకుండా రాసింది. అది నిష్పాక్షికం. రెండోది అభ్యంతరం వచ్చాక, ఒత్తిడిలో రాసింది," అన్నారాయన.

ఎవరినీ అడక్కుండా రాస్తే నిష్పాక్షికమట, అడిగి తెలుసుకుని రాస్తే ఒత్తిడట! గట్టిగానే వాదించాను. కానీ నా మొదటి వాక్యమే నా ముందరి కాళ్లకు బంధమైంది. నెల తిరగకుండా అనుమతి వచ్చింది. షెడ్డును, భవనాన్ని ఒకే రోజు పడగొట్టారు. వేసవిలో మగవాళ్లు వేరావలు నుంచి తిరిగొచ్చేసరికి అక్కడ ఇనుప కంచె ఉంది. రోడ్డు పక్కన ఇస్తామన్న స్థలంలో నేను రిటైరయ్యేనాటికి ఒక్క ఇటుకా పడలేదు. తారు రోడ్డు మీదే చేపలెండబెడుతున్నారు. పోలీసులు వచ్చి అదిలిస్తున్నారు. ఇప్పుడు గాలివాన హెచ్చరిక వస్తే ఆ పల్లెవాళ్లు ఎక్కడికి వెళ్తారో నాకు తెలియదు. ఆ ఉత్తర్వు మీద సంతకాలు పెట్టిన ముగ్గురికీ తెలియదు.

పడగొట్టిన వారానికి ఎర్రమ్మ ఉత్తర్వు నకలు పట్టుకుని వచ్చింది. ఏం రాశారో చదివి చెప్పమంది. చదివాను. 'స్థల పరిశీలన నివేదిక ప్రకారం సదరు కట్టడములు వినియోగంలో లేనందున' అన్న చోట నన్ను ఆపింది.

"ఆ ముక్క ఎవులు రాసినారు బాబూ?"

"నేనే," అన్నాను.

ఆవిడ నకలు నా చేతిలోంచి తీసుకుంది.

"ఆ పక్కిల్లే నాది. పది దాటితే ఇంటికాడే ఉంటాను. తలుపు కొట్టి అడిగుంటే సెప్పీదాన్ని కదా," అంది. నకలు మడిచి రవికలో పెట్టుకుని, తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు కొందరు సలహాకు వస్తుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. తాళం కనిపిస్తే 'తాళం వేసి ఉంది' అని రాయండి. ఎన్నింటికి చూశారో రాయండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని వాళ్ల పేరు రాయండి. 'వినియోగంలో లేదు' అనేది చూసి రాయగలిగిన సంగతి కాదు.