అమ్మ సిద్ధాంతం కూలిన దసరా

మదీనాగూడ రోడ్డు పక్కన సీతాఫలాల తట్ట కనిపించి నిన్న సాయంత్రం కారు ఆపాను. తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి పడుకుంటే, తెల్లవారేసరికి కోకాపేటలో మేముండే ఫ్లాటంతా ఆ తియ్యటి, కొంచెం మాగిన వాసన. ఆ వాసనకి అందరికీ నోరూరుతుంది కాబోలు, నాకు మాత్రం ముందు భయం వేస్తుంది. ఇంత వయసొచ్చాక కూడా, లోపల ఎవరో జబ్బుగా పడుకున్నట్టు తలుపులు చప్పుడు కాకుండా వేస్తాను.

తొంభైల చివర్లో మేం మాదాపూర్‌లో యాదమ్మగారింట్లో కిరాయికుండేవాళ్ళం. నాన్నది కరెంటాఫీసు ఉద్యోగం, అమ్మ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పేది. ఇద్దరూ గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళే. మా వీధి చివర నుంచే గుట్టలు మొదలయ్యేవి. ఒకదాని మీదొకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టున్న బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, వానాకాలంలో మోకాలి లోతు గడ్డి, ఆ గడ్డిలో ఎర్రటి ఆరుద్ర పురుగులు. బండల వెనక దాగుడుమూతలాడి మోకాళ్ళు గీక్కుని ఇంటికొస్తే యాదమ్మగారు పసుపు అద్దేది. హైటెక్ సిటీ గుండ్రటి భవనం లేచాక పక్క గుట్టలు కూడా పేల్చడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఒకతను ఎర్రజెండా ఊపుతూ విజిల్ వేసుకుంటూ వీధంతా తిరిగేవాడు, ఆడుకుంటున్న పిల్లలం ఏ గడప దొరికితే ఆ గడపలోకి దూరేవాళ్ళం, తర్వాత కాళ్ళ కింద నేల ఒక్కసారి అదిరి గూట్లో గిన్నెలు గలగలమనేవి. నేను పుట్టు పిరికిదాన్ని. విజిల్ వినపడగానే చెవులు మూసుకుని అమ్మ పక్కన చేరేదాన్ని. అమ్మ తలెత్తేది కాదు.

అమ్మ పని నేల మీద. మా ముందుగదిలో షాబాదు బండలు పరిచి ఉండేవి, నల్లటి బూడిదరంగువి; కాగితం ఇరుకనిపించినప్పుడల్లా అమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని, సుద్దముక్కతో ఆ బండల మీద గోడ నుంచి గోడ దాకా రాసుకుంటూ పోయేది. అది తేలేదాకా ఆ గదికి చీపురు లేదు. నాన్న, నేను గోడవారగా నడిచేవాళ్ళం. అమ్మ చేసే లెక్కలకి నాన్చడం తప్ప జవాబు ఉండదని నాన్న ఏడిపించేవాడు. "తాళంచెవి పోయిందా? మీ అమ్మనడుగు. ఇంట్లోనే ఉందని నిరూపిస్తుంది. ఎక్కడుందో మాత్రం చెప్పదు" అనేవాడు. నిజానికి అమ్మ పనంతా అదే. కొన్ని మొండి సమీకరణాలకు పరిష్కారం ఉండి తీరుతుందని చూపించడం. నేను పుట్టకముందే అలాంటి సిద్ధాంతమొకటి రుజువు చేసిందని, పై దేశాలవాళ్ళు దాని మీద పుంఖానుపుంఖాలుగా రాస్తున్నారని, అది అమ్మ పేరుతోనే పిలవబడుతోందని నాకు తెలుసు. ఎలా ఉంటుందో తెలియని ఆ వస్తువు వల్లే మా ఇంటికి మర్యాద అని కూడా తెలుసు.

అమ్మ దగ్గర పరిశోధన చేసే నర్సింహులన్న ఆదివారాలు పుప్పాలగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. సీతాఫలాల కాలంలో తువ్వాల్లో కాయలు మూటగట్టి తెచ్చేవాడు, వాటిని బియ్యం డబ్బాలో పూడ్చడం నా వంతు. ఆ ఏడాది వినాయక చవితి అయిన ఆదివారం కూడా తెచ్చాడు. మూట నా చేతిలో పెట్టాడు గానీ, ఎప్పటిలా నన్ను ఆటపట్టించలేదు. అమ్మ పులిహోర, ఉండ్రాళ్ళు పెడితే ముట్టలేదు. చాలాసేపు నేల చూస్తూ కూర్చుని, "మేడమ్, తప్పుగ అనుకోవద్దు. మీ సిద్ధాంతంల మూడో పేజీల ఒక లైను నాకు సమజైతలేదు" అన్నాడు.

"ఏ లైనయ్యా? అదా? అది క్లియరే కదా, ఉండు చూపిస్తా" అని అమ్మ నవ్వుతూ సుద్దముక్క అందుకుంది. రెండు వరుసలు రాసింది. మూడోది సగంలో ఉండగా చెయ్యి ఆగిపోయింది. ఎంతసేపు చూసినా ఆ చెయ్యి కదల్లేదు. నర్సింహులన్న లేచి, చెప్పకుండానే సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి రోజులు నాకు భయంగానే గుర్తున్నాయి. కూరలో ఉప్పు రెండుసార్లు పడేది, ఒకోసారి అసలు పడేది కాదు. నాన్న మారుమాట్లాడకుండా తినేవాడు. ఇంట్లో తాళంచెవి జోకు ఆగిపోయింది. బియ్యం డబ్బాలో కాయలు మాగి, పగిలి, ఇల్లంతా కమ్మేసినా తీసేవాళ్ళు లేరు. యాదమ్మగారు గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏంది బిడ్డా, మీ అమ్మ గిట్లయింది? దవాఖానకు తోలుకపోండ్రి" అనేది. రుజువులో పడ్డ ఆ కంతని పూడ్చాలని అమ్మ నేలంతా రాయడం, తుడవడం, మళ్ళీ రాయడం. మా బళ్ళో లెక్కల మాస్టారు తప్పుకో దెబ్బ చొప్పున చెక్క స్కేలుతో కణుపుల మీద కొట్టేవారు. ఒక్క కూడిక తప్పయితేనే అంత నొప్పి కదా, ప్రపంచమంతా వాడుతున్న లెక్క తప్పయితే అమ్మని ఎవరొచ్చి కొడతారు, ఎంతమంది కొడతారు అని నాకు అన్నం సయించేది కాదు.

తర్వాతి ఆదివారం నర్సింహులన్న అరుగు మీద కూర్చుంటే అడిగేశాను. "మేడమ్‌ను గొట్టే మొగోడు ఎవడున్నడు? ఫికర్ చెయ్యకు బిడ్డా" అన్నాడు. నన్ను మరిపించడానికి ఆ తప్పేమిటో చెప్పాడు. "ఒక అర్రల, అంటె గదిల, ఈగలను ఇడుస్తనే ఉన్నవనుకో. యాడనో ఒక్కకాడ గుంపు గూడాలె గదా? గని దిక్కులకు అంతు లేని అర్ర అయితే, ఒక్కో ఈగ ఒక్కో దిక్కు వట్టుకొని పోతది, గుంపే గూడది. మేడమ్ లెక్క గసొంటి అర్రలనే జరుగుతది. గుంపు గూడుతదని ఆ లైన్ల అనుకున్నరు, అంతే." తన థీసిస్ సగానికి పైగా ఆ లైను మీదే నిలబడి ఉందని ఆయన నాకు చెప్పలేదు. నాన్న మాటల్లో తర్వాత తెలిసింది.

చివరికి కంత పూడలేదు. పూడదని అమ్మే తేల్చింది. సిద్ధాంతం పెట్టిన అన్ని షరతులకూ లొంగి, పరిష్కారం మాత్రం లేని ఒక సమీకరణాన్ని తనే కట్టింది. తన బిడ్డలాంటి సిద్ధాంతాన్ని తన చేత్తోనే పడగొట్టిన ఆ పూట అమ్మ గోడకి జారగిలబడి కూర్చుంటే నాన్న పక్కన చేరి, "ఇన్నేళ్ళుగా ఎవరూ చూడలేదుగా. నువ్వే బయటపెట్టుకోవడం ఎందుకు?" అన్నాడు.

"నర్సింహులు చూశాడుగా అండీ" అంది అమ్మ.

నాకు దసరా సెలవులిచ్చారు, విశ్వవిద్యాలయానికి ఇంకా ఇవ్వలేదు. ఇంట్లో ఎవరూ లేక అమ్మ నన్ను తనతో తీసుకెళ్ళింది. వాళ్ళ విభాగంలో నలుగురూ కూడి ఒకరి పని ఒకరు వినే హాలది. వరుసల్లో కళ్ళద్దాల పెద్దమనుషులు, చివరి బెంచీలో నేను, నా పక్కన నర్సింహులన్న. అమ్మ బోర్డు నిండా రాసి, ఇంగ్లీషులో ఏదో ఒక్క వాక్యం అంది, హాలంతా చల్లబడిపోయింది. తన సిద్ధాంతం తప్పని చెప్పిందని నాకర్థమైంది. ఎవరు ముందు లేస్తారా అని నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను. ముందు వరుసలోంచి ఒక ముసలాయన నిజంగానే లేచాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన బోర్డు దాకా వెళ్ళి, కళ్ళద్దాలు సవరించుకుని, అమ్మ కట్టిన లెక్కని పైనుంచి కిందికి చదివి, సరేనన్నట్టు తలూపి వెళ్ళి కూర్చున్నాడు.

ఎవరూ కొట్టలేదు. అలాగని నా భయం వట్టిదీ కాదు. ఉపన్యాసాలకి పిలుపులు తగ్గాయి, రావలసిన ప్రొఫెసర్ పదవి ఏళ్ళ తరబడి రాలేదు, మా ఇంటికి వచ్చే తోటివాళ్ళు దారి మార్చుకున్నారు. ఇంకో షరతు చేర్చి, చిన్నదైనా గట్టిదైన సిద్ధాంతం అమ్మ మళ్ళీ రుజువు చేసింది. పాతది తప్పని అందులో మొదటి వాక్యంలోనే రాసింది. నర్సింహులన్న సగం థీసిస్ పారేసి మళ్ళీ మొదలెట్టి, ఆలస్యంగా పట్టా తెచ్చుకున్నాడు. ఒక్కసారైనా అమ్మని పల్లెత్తు మాటనలేదు. ఆనాటి నుంచి నేను ఏ విషయంలోనైనా "అంతేగా" అంటే చాలు, అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టి, బెదిరిన మొహంతో "ఎందుకంతే?" అని అడిగేది.

ఇప్పుడు ఆ గుట్టలు లేవు, యాదమ్మగారిల్లు లేదు, ఎర్రజెండా మనిషి ఏమయ్యాడో తెలియదు. అమ్మ పోయి కూడా కొన్నేళ్ళయింది. ఆసుపత్రి మంచం మీద కూడా ఆవిడ భయం ఒకటే: "దాన్ని ఇంకా ఎవరైనా వాడుతున్నారేమో కనుక్కోవే." వాడుతున్నారు. తప్పుడుదే పెద్దది, అందమైనది. సరిచేసింది ఎక్కడో మూల పడి ఉంది. దూరదేశాల్లో కుర్రవాళ్ళు మొదటిదే చూసి, దాని మీద తమ లెక్కలు కట్టుకుంటూనే ఉన్నారు. బతికినన్నాళ్ళూ అమ్మ అలాంటివాళ్ళని వెతికి వెతికి ఒక్కొక్కరికీ రాసేది, అది తప్పు బాబూ, నా తప్పు, దాన్ని నమ్మకండి అని.

ఆ పని ఇప్పుడు నర్సింహులన్న చేస్తున్నాడు. ఈ పొద్దున ఫోన్ చేశాడు. "మొన్న ఇంకొకాయన వాడిండు బిడ్డా, రాసిన. నాకు గూడ చూపు ఆనుతలేదు. నా తర్వాత ఎవరు జెప్తరో, గదే పరేషాన్" అన్నాడు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, అమ్మ రాసిన కాగితం ఏనాడూ తెరిచినదాన్ని కాదు. ఆ లైను ఎవరి లెక్కలో ఉన్నా గుర్తుపట్టడం నాకు నేర్పమని అడిగాను. ఆదివారం వస్తనన్నాడు.

నాకు లెక్కలంటే ఇప్పటికీ భయమే. రమ్మన్నాను.