నీలవేణి పెట్టిన పరీక్ష

ఇంటికి తాళం వేసి, లాగి చూసి, గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసే మనిషి నీలవేణి. పెళ్ళిచూపులయ్యాక, పెళ్ళికొడుకు జితేందర్ చేవెళ్ళ ట్రాక్టర్ షోరూంలో నిజంగానే పనిచేస్తున్నాడో లేదో తేల్చుకోవడానికి, ట్రాక్టరు కొనబోయే రైతు కూతురిలా తానే అక్కడికి ఫోన్ చేసింది. ఎత్తింది జితేందరే. పాపం, ఇంజను సంగతులన్నీ విసుక్కోకుండా చెప్పుకొచ్చాడు. ఆ ఓపిక నచ్చి ఒప్పుకున్నానని ఆమె అంటుంది గానీ, నన్నడిగితే అబద్ధం దొరక్క ఒప్పుకుంది.

ఆమెను అని ఏం లాభం? పుట్టి పెరిగింది ఎంకపల్లిలో. నగరంలో ఐటీ ఆఫీసులు లేచిన కొద్దీ మొయినాబాద్ చుట్టూ భూముల రేట్లు ఎగిశాయి. ముక్కూ మొహం తెలియని వాళ్ళు కార్లు దిగి, "బాగున్నవా బాపు" అంటూ పొలం గట్ల మీద తిరిగారు. ఊరికే నవ్వే కొత్త మనిషి కనిపిస్తే పిల్లలు కూడా జాగ్రత్తపడేవాళ్ళు. అలా పెరిగిన పిల్లకు పెద్దయ్యాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం దొరికింది. అనుమానించినందుకు జీతమిచ్చే కొలువు!

గచ్చిబౌలిలో ఆమె కంపెనీకి ఒక టెస్టింగ్ లైబ్రరీ ఉంది. వేరే ప్రోగ్రాములు సరిగా నడుస్తున్నాయో లేదో పరీక్షించే కోడ్ అది. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు, సవరణలు పంపొచ్చు. నీలవేణి సరేనంటే తప్ప ఏదీ లోపలికి పోదు. ఒకరోజు వనిత అనే అమ్మాయి నుంచి ఒక సవరణ వచ్చింది. కోడ్ జోలికే పోలేదు. కోడ్ మధ్యలో, మనుషులు చదువుకోవడానికి రాసిపెట్టే కామెంట్లలో స్పెల్లింగ్ తప్పులు దిద్దింది, అంతే. కంప్యూటరైతే ఆ కామెంట్ల మొహం కూడా చూడదు. కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసింది. తనది చేవెళ్ళ దగ్గర ఆలూరు. తను చదివిన కాలేజీకి కంపెనీలేవీ రావు. చిన్న పనులతోనైనా తనేమిటో చూపించుకోవాలని ఉంది. నచ్చితే, మీ టీములో ఖాళీ వచ్చినప్పుడు ఒక్క మాట చెప్పండి మేడం అని.

నీలవేణికి ఎక్కడో తేడా కొట్టింది. ఇంత ఓపికగా ఊరికే ఎవరు చేస్తారు? పైగా పక్క మండలమని చెప్పి కాకా పట్టడం ఒకటి. వారం వారం సవరణలు వస్తూనే ఉన్నాయి. స్పెల్లింగ్ చాటున దొంగ కోడ్ ఏదైనా దూర్చిందేమోనని ఆమె ప్రతి అక్షరాన్నీ భూతద్దం పెట్టినట్టు వెతికింది. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి అనుమానం ఇంకా ముదిరింది. అక్షర దోషాలు ఏరే సాఫ్ట్‌వేరు ఏదో నడిపించి, అంతా తానే కూర్చుని చదివినట్టు పోజు కొడుతోందేమో.

అంతలో మేనేజరు గంగాధరరావు పిలిచాడు. టీములో ఒక ఖాళీ ఉందట. ఆలూరు అమ్మాయి దరఖాస్తు పెట్టిందట. ఆమె పని చూసింది మీరే కాబట్టి, మీరు ఊఁ అంటే పిలిపిస్తానన్నాడు. నీలవేణి కాస్త గడువు అడిగింది.

టెస్టర్లకు ఒక అలవాటుంది. తాము రాసిన పరీక్ష పనిచేస్తోందో లేదో తెలియాలంటే కావాలనే ఒక తప్పు పెట్టి, పట్టుకుంటుందా లేదా అని చూస్తారు. నీలవేణి ఆ పని మనిషి మీద చేసింది. మూడు సెకన్లే ఆగే కోడ్ పైన, ఇక్కడ ముప్పై సెకన్లు ఆగుతుంది అని తన పేరుతో ఒక కామెంటు పెట్టింది. స్పెల్లింగ్ శుభ్రం, విషయం పచ్చి అబద్ధం. దాని పక్కనే ఒకటి రెండు అక్షర దోషాలు వదిలింది. చదివే మనిషైతే అబద్ధం పట్టుకుంటుంది, లేకపోతే అక్షరాలు దిద్ది ఊరుకుంటుంది.

సవరణ వచ్చింది. అక్షర దోషాలు పోయాయి. అబద్ధం అలాగే ఉంది. చివరికి దొరికిందనుకుంది నీలవేణి. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా. మర్నాడు గంగాధరరావుతో, ఆ అమ్మాయి సొంతంగా చదివి చేస్తున్న పని కాదని చెప్పింది. ఉద్యోగం ఇంకెవరికో పోయింది.

కొన్నాళ్ళకు వనిత మెయిల్ రాసింది. నిష్ఠూరం ఏమీ లేదు. ఎక్కడ తప్పు చేశానో చెబితే నేర్చుకుంటాను, ఒకసారి కలవచ్చా అని అడిగింది. గొడవకే వస్తోందనుకుంది నీలవేణి. మొయినాబాద్‌లో ఒక టీ హోటలుకు రమ్మని, జితేందర్‌ను ముందే తీసుకెళ్ళి పక్క బల్ల దగ్గర తెలియనివాడిలా కూర్చోబెట్టింది. చేవెళ్ళ బస్సు దిగి వచ్చిన పిల్ల సన్నగా, బెరుగ్గా ఉంది. నీలవేణి నాన్చకుండా ముప్పై సెకన్ల సంగతి అడిగేసింది.

"చూసిన మేడం," అంది వనిత. "మూడు సెకన్లే ఆగుతది. నడిపి గూడ చూసిన. కానీ దాని మీద మీ పేరుండె. నౌకరి ఇప్పియ్యమని మిమ్మల్నే అడుగుకుంట, మీరు రాసింది తప్పని ఎట్ల చెప్త?"

పక్క బల్ల దగ్గర జితేందర్ టీ తాగడం ఆపేశాడు.

నీలవేణికి తల కొట్టేసినట్టయింది. ఇంతమంది పనిని పరీక్షించింది గానీ, ఒక పేదింటి పిల్ల తన పేరు చూసి భయపడుతుందన్న ఊహే ఆమెకు తట్టలేదు. సిగ్గుతో, దాచకుండా అంతా చెప్పేసింది. ఆ అబద్ధం తాను కావాలనే పెట్టిందనీ, గంగాధరరావుకు అలా చెప్పింది తానేననీ. వనిత ఏడవలేదు, ఎదురాడలేదు. అది ఇంకా బాధనిపించి నీలవేణి ఆ పిల్ల చేయి పట్టుకుంది.

"మేడం అనకు, అక్క అను. రేపే సార్‌తోని మాట్లాడత. మళ్ల ఖాళీ వస్తే నీకే ఇప్పిస్త. నన్ను నమ్ము."

వనిత మెల్లగా చేయి వెనక్కి తీసుకుంది.

"గిది గూడ పరీక్షనేనా, మేడం?"

ఆ పిల్ల కుర్చీలో ఉన్నది నీలవేణే అయితే, కాదన్నా నమ్మేది కాదు.